చుట్టుదారి

జకరయ్య అయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందుగా వాళ్ల కాళ్లవంక చూసేవారు, చెప్పులున్నాయో లేవోనని. ఎందుకంటే ఆయన దగ్గర జవాబులు కూర్చున్నచోట దొరికేవి కావు. ఏ రెండు మైళ్లో నడిపించి, ఎవరి గుమ్మం ముందో నిలబెట్టి, "చూడు" అని ఊరుకునేవారు. చూసి గ్రహించినవాళ్లు గ్రహించారు. గ్రహించనివాళ్లు పిక్కలు పట్టేసి ఇంటికొచ్చి, ముసలాయనకు చాదస్తం ముదిరిందన్నారు. సముద్రానికి ఆరు మైళ్ల ఇవతల ఇసుకనేలలో ఉన్న దిబ్బపాలెం క్రైస్తవ సంఘానికి ఆయన అప్పటికి నలభై ఏళ్లకు పైగా కాపరి. వయసు డెబ్బై నాలుగు. మోకాళ్లు ఎప్పుడో అరిగిపోయాయి, నడిపించే అలవాటు మాత్రం పోలేదు.

ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమదినాలు నడుస్తుండగా ఒక బుధవారం మధ్యాహ్నం ఆయన వసారాలోకి వచ్చి కూర్చున్నవాడు ఏలియ్య. తాపీమేస్త్రీ, మంచి పనివాడు. చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్లలో మేస్త్రీ ఏలియ్య ఎవరంటే తడుముకుంటారు గాని, ‘కల్లు ఏలియ్య’ అంటే చంటిపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. తమాషా ఏమిటంటే, తాగినన్నాళ్లూ అతనికి ఆ పేరు లేదు. మానేశాకే వచ్చింది.

పేరు సాక్ష్యం వల్ల వచ్చింది. దేవుడు తనకు చేసిన మేలును కూడికలో నలుగురి ముందూ నిలబడి చెప్పుకోవడం సంఘాల్లో ఉన్న ఆచారమే. ఏలియ్య కూడా రక్షణ పొందిన కొత్తలో వణుకుతూ లేచి నాలుగు ముక్కలు చెప్పాడు. జనం కళ్లు తుడుచుకున్నారు. రెండోసారి ఎనిమిది ముక్కలు చెప్పాడు. ఆరేళ్లు తిరిగేసరికి అది అరగంట సాక్ష్యమైంది. అందులో ఇరవై ఎనిమిది నిమిషాలు కల్లే. ఎండలు ముదరకముందు, పొద్దున్నే చెట్టు దిగిన కల్లు ఎంత చల్లగా ఉంటుందో, తాటాకు దొప్పలో పోస్తే నురగ అంచుదాకా ఎలా లేస్తుందో, పక్కన కారం దట్టించిన పీతల వేపుడు ఉంటే మనిషికి ఇల్లూ వాకిలీ ఎలా మరుపుకొస్తాయో చెబుతుంటే, అతని కుడి అరచెయ్యి దానంతటదే దొప్పలా ముడుచుకునేది. చివరి రెండు నిమిషాల్లో ఈస్టరు ముందటి మట్టల ఆదివారం వచ్చేది. ఊరేగింపు దారిలో తాను తాగి అడ్డంగా పడి ఉండడం, జనమంతా మట్టలు పట్టుకుని పాడుకుంటూ తనను తప్పుకుని పోవడం, జకరయ్య అయ్యగారొక్కరే ఊరేగింపు వదిలేసి తన పక్కన మట్టిలో కూర్చోవడం, మెలకువ వచ్చాక తాను ఏడవడం. "దేవునికి స్తోత్రం" అని ముగించేవాడు. జనం హల్లెలూయ అని కేకలు పెట్టేవారు. ఏ భాగానికి పెట్టారో వాళ్లకే తెలియాలి.

ఆ మధ్యాహ్నం మాత్రం ఏలియ్య అరచేతులు ఒళ్లో పెట్టుకుని, తల ఎత్తకుండా మాట్లాడాడు.

"అయ్యగారూ, మానేసి ఆరేళ్లయింది. దేవుడు నన్ను మార్చాడని మైకులో చెబుతన్నా. నిజంగా మారినోడికి మళ్లీ ఆ యావ పుట్టకూడదు గదా? పుడితే మారనట్టేనా? ఈ శోధన ఎప్పటికి పోద్ది?"

అయ్యగారు అతని కాళ్లవంక చూశారు. ఇంకా ఏదో ఉందని ఆయనకు తెలుసు. ఏలియ్యే చెప్పుకొచ్చాడు.

దిబ్బపాలేనికి, పక్క ఊరు అల్లిపాలేనికి మధ్య తాటితోపు ఉంది. అందులోంచి పోతే పావుగంట దారి. తోపు మొహం చూడకూడదనుకుంటే మురుక్కాలవ కట్ట ఎక్కి చుట్టూ తిరిగి పోవాలి, అది గంట పైమాటే. కల్లు మానేసిన దగ్గర్నుంచి ఏలియ్య పనికి పోయినా, పెళ్లికి పోయినా కట్ట మీదుగానే పోతున్నాడు. ఈ సంగతి అతని భార్య దీవెనమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. అతనికి అది సిగ్గుగా ఉండేది. రక్షణ పొందిన మనిషి తాటిచెట్లకు జడిసి మురుక్కాలవ వెంట నడుస్తున్నాడంటే ఎవరైనా నవ్వరా? అందుకే అరగంట సాక్ష్యంలో ఆ దారి ఊసు ఒక్కసారి కూడా రాలేదు.

రెండు వారాల కిందట అల్లిపాలెం అవతల పెద్ద సభ జరిగింది. ఏలియ్య సాక్ష్యానికి పందిరి దద్దరిల్లింది. ఎక్కడినుంచో వచ్చిన ప్రసంగీకుడు వేదిక మీద అతన్ని కావిలించుకుని, "సైతాను నెత్తిన కాలు పెట్టిన వీరుడు" అన్నాడు. ఆ మాట చెవుల్లో మోగుతుండగా ఏలియ్య ఇంటిదారి పట్టాడు. దారి చీలే చోటికి వచ్చాడు. వీరుడు మురుక్కాలవ వెంట పోవడమేమిటని రోషం వచ్చింది. తోపులోకి నడిచాడు.

కల్లుగీసే సాంబయ్య అప్పుడే చెట్టు దిగుతున్నాడు. సాంబయ్య చెడ్డవాడేం కాదు, ఆ మాటకొస్తే అందరిలోకీ మర్యాదస్తుడు. "రా అన్నా! మైకులో నీ మాటలన్నీ ఇక్కడికి వినపడ్డయ్యి. రోజూ దించేవాణ్ణి, నాకే నోరూరింది" అని నవ్వి, ఇంటికొచ్చిన చుట్టానికి ఇచ్చినట్టే దొప్పలో పోసి అందించాడు. ఏలియ్య అందుకున్నాడు. ఎందుకు అందుకున్నాడో తెలియదు. చల్లదనం అరచేతికి తగిలింది. వాసన ముక్కుకు తగిలింది. నురగ పైపెదవికి తగిలింది. అంతవరకు వచ్చాక దొప్ప చేతిలోంచి జారింది. అతను మానుకున్నాడనడానికి లేదు, జారింది, అంతే.

ఇంటికి పోతే దీవెనమ్మ అతని మొహం చూసింది, చొక్కా చూసింది, దగ్గరికొచ్చి చెయ్యి వాసన చూసింది. "ఎటునించి వచ్చావు?" అని ఒక్క మాట అడిగింది. అతను చెప్పలేకపోయాడు. ఆమె గడపలో కూలబడింది. ఆ తర్వాత పదిహేను రోజులుగా అన్నం పెడుతున్నది, నీళ్లు తోడుతున్నది, మాట మాత్రం లేదు. తిట్టినా బాగుండేదని ఏలియ్య ప్రాణం కొట్టుకుపోతున్నది.

"ఇంకా సభలున్నయ్యి అయ్యగారూ. పై వారం మూడు రోజులు నాదే సాక్ష్యం. ఇశ్రాయేలు మేస్టారు నా ఫొటో ఏసి పోస్టర్లు అంటించారు. మూడు రోజులు అదే చెప్పి, అదే దారిన ఇంటికి రావాల. ఈసారి దొప్ప జారదని నాకు తెలుసు."

అయ్యగారు లేచి అతని భుజం మీద చెయ్యి వేశారు. "శుక్రవారం అల్లిపాలెంలో ఉపవాస కూడిక ఉంది. దీవెనమ్మను తీసుకుని రా" అన్నారు. అంతటితో సరి.

శుక్రవారం పొద్దున అయ్యగారు ఇశ్రాయేలు మేస్టారి స్కూటరు మీద ముందే వెళ్లారు. ఈ మేస్టారు బడి నుంచి రిటైరయ్యాక సంఘ పెద్దగా ఉంటున్నారు, సభల ఏర్పాట్లన్నీ ఆయనవే. ఏలియ్యా దీవెనమ్మా కట్ట మీదుగా నడిచి వచ్చారు, ఆమె పది అడుగుల వెనక. అల్లిపాలెంలో చిన్న రేకుల గుడి. ముప్పై నలభై మంది ఉంటారు. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క చాపల మీద కూర్చున్నారు. గుమ్మంలో ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టుకుని చెంచయ్య అనే మనిషి కూర్చున్నాడు. రొయ్యల చెరువుల దగ్గర పని అతనిది. భార్య ఏడ్చి మొత్తుకుంటే తాగడం ఆపి అప్పటికి నాలుగు రోజులు. ఏ క్షణాన లేచిపోతాడోనని ఆమె ప్రార్థనలో కూడా ఒక కన్ను తెరిచే ఉంచింది.

పాటలయ్యాయి, ప్రార్థనలయ్యాయి. సాక్ష్యాల సమయం రాగానే అందరి మొహాలూ ఏలియ్య వైపు తిరిగాయి. అతను లేచి, గొంతు సవరించుకుని, అలవాటుగా కుడి చెయ్యి ఎత్తాడు. అప్పుడు జకరయ్య అయ్యగారు కూర్చున్న చోటునుంచే నెమ్మదిగా అన్నారు.

"ఏలియ్యా, మట్టల ఆదివారం అయిపోయిన మర్నాటినించి చెప్పు."

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. ముందు వరసలో ఒక ముసలమ్మ ఊరుకోలేదు. "అదేంది అయ్యగారూ! ఆ పీతల ఏపుడు కాణ్ణించి చెప్పనీయండి. నేను ఎవురికీ ఇవ్వకుండా ఈ చోటు పట్టుకుని కూసున్నా" అంది. నలుగురు నవ్వారు. అయ్యగారు నవ్వలేదు.

ఏలియ్య నోరు తెరిచాడు. మర్నాటినుంచి అంటే ఆరేళ్లు. ఆరేళ్లూ అతను బతికాడు, పనిచేశాడు, మోకరించాడు. వాటిని గురించి చెప్పడానికి ఒక్క వాక్యం కూడా సిద్ధంగా లేదని ఆ క్షణాన తెలిసింది. తాగిన రోజులకేమో ఎన్ని మాటలు! పోత పోసినట్టు వరసగా ఉన్నాయి. తాగని రోజులు మాత్రం చీకట్లో ఇంట్లో సామాను లాగా, ఉన్నాయని తెలుసు గాని చేతికి అందడం లేదు. ఎవరో దగ్గారు. కూర్చుందామనుకుని అయ్యగారి వైపు చూశాడు. ఆయన తొందరేం లేనట్టు చూస్తున్నారు. మట్టల ఆదివారం నాడు కూడా, తనకు మెలకువ వచ్చేదాకా ఆయన ఇలాగే కూర్చుని ఉంటారనిపించింది.

"మర్నాడు సోమారం" అన్నాడు ఏలియ్య చివరికి. "చేతులు వణికినయ్యి. మంచినీళ్ల గ్లాసు నోటిదాకా రాలా. దీవెన పట్టుకుని తాపింది."

ఆగాడు. జనం ఇంకా ఏదో వస్తుందని చూస్తున్నారు.

"మంగళారం పనికి పోవాల. తోపులోంచే దారి. గడప కాడ నిలబడిపోయా, కాలు పడితే అటే పడేట్టుంది. దీవెన ఏం మాట్లాడలా. నా తాపీసంచి తన భుజాన ఏసుకుని కాలవకట్ట మీదకి నడిచింది. సంచి పోతంటే ఎనకాల నేనూ పోయా. గంట నడిచాం. పని కాడ సంచి నాకిచ్చి, మళ్లా గంట నడిచి ఇంటికి పోయింది. సాయంత్రం మళ్లా వచ్చింది. అట్టా నలభై రోజులు. అయ్యాక నేనొక్కణ్ణే పోతన్నా. ఇవాళ కూడా కట్ట మీదగానే వచ్చాం. నాకు భయం. తోపంటే భయం. ఆరేళ్లయినా భయమే."

ఇశ్రాయేలు మేస్టారు చేతిగడియారం చూసుకున్నారు. ఏలియ్య కళ్లు నేలమీదే ఉన్నాయి.

"పదిహేను రోజుల కిందట భయం లేదనుకుని తోపులోంచి నడిచా. దొప్ప చేతికి తీసుకున్నా. నురగ మూతికి అంటింది. అది మీకు చెప్పాల. ఇంకేం లేదు" అని కూర్చున్నాడు.

హల్లెలూయ ఎవరూ అనలేదు. అయిదు నిమిషాలు కూడా పట్టని ఆ సాక్ష్యానికి ముసలమ్మ మూతి ముడుచుకుంది. ఏలియ్యకు చెవులు కాలిపోతున్నాయి. ఉన్న కాస్త పేరూ గంగలో కలిసిందనుకున్నాడు. అంతలో గుమ్మం దగ్గరనుంచి బొంగురుగొంతు వినిపించింది.

"అన్నా, ఆ కట్ట మీదకి యాడ ఎక్కాల?"

అందరూ వెనక్కి తిరిగారు. చెంచయ్య. బయట ఉన్న కాలు కూడా లోపలికి తీసుకుని కూర్చున్నాడు. "రోజూ తోపులోంచే పోవాల నేను. నాలుగు రోజులుగా కళ్లు మూసుకుని పరిగెత్తతన్నా. రేపు నా వల్ల కాదు. యాడ ఎక్కాలో చెప్పు" అన్నాడు. ఆ అడగడంలో ఏడుపు ఉంది.

ఆరేళ్లలో ఏలియ్యను ఎందరో చేతులు పట్టుకుని మెచ్చుకున్నారు. దారి అడిగినవాడు ఇతనొక్కడే. ఏలియ్య గబగబా మోకాళ్ల మీద లేచి, "మీ ఊరి చివర చింతచెట్టు దాటాక ఎడమచేతి పక్క..." అంటూ చెప్పబోయాడు.

"అటు కాదు" అంది ఆడవాళ్ల వైపునుంచి ఒక గొంతు. దీవెనమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని నిలబడింది. "అటు తుమ్మముళ్లు పడ్డయ్యి. రెండో తూము కాడ ఎక్కాల. ఆయనకి తెలవదు, ఆయన ఎప్పుడూ కింద చూసి నడవడు." అని, మొగుడి వైపు తిరిగి, "రేపు పొద్దున నువ్వే వచ్చి తీసుకుపో ఆ అన్నని. సంచి నేను సర్దిపెడతా" అంది.

పదిహేను రోజుల తర్వాత అవి ఆమె అతనితో అన్న మొదటి మాటలు. ఏలియ్యకు గుండె నిండిపోయింది. తలాడించాడు. చెంచయ్య భార్య రెండు కళ్లూ మూసుకుంది.

కూడిక ముగిసి, గంజితో ఉపవాసం విడిచేటప్పుడు ఇశ్రాయేలు మేస్టారు ఏలియ్యను పక్కకు పిలిచారు. "బాగానే ఉందిగాని, ఇది ఇంట్లో చెప్పుకునే ముచ్చటయ్యా. సభల్లో మాత్రం పాతదే చెప్పు. జనం కూర్చోవాలి గదా."

"పాతది చెబితే నేను తాగుతాను మేస్టారూ."

మేస్టారు అతని మొహం చూసి వేళాకోళం కాదని గ్రహించారు. ఆయన దుర్మార్గుడేం కాదు. కాసేపు బుర్ర గోక్కుని, "మరి పోస్టర్ల మాటేందయ్యా?" అన్నారు దిగులుగా. అది మాత్రం న్యాయమైన దిగులే. పోస్టర్లు అప్పటికే ఎనిమిది ఊళ్లలో ఉన్నాయి.

గిన్నెలు కడిగే ఆడవాళ్లతో దీవెనమ్మ ఆగిపోయింది. మేస్టారు స్కూటరు తీసి అయ్యగారిని ఎక్కమన్నారు. ఆయన వద్దన్నారు, ఏలియ్యతో నడిచి వస్తానన్నారు. ఎండ ఇంకా చురుక్కుమంటూనే ఉంది. ముసలాయన చేతికర్ర ఊనుకుంటూ, అయిదు నిమిషాలకోసారి ఆగుతూ నడుస్తుంటే ఏలియ్యకు పాపమనిపించింది. దారి చీలే చోటికి వచ్చారు. కుడిపక్క తోపు, నీడగా, చల్లగా ఉంది. అవతల దిబ్బపాలెం ఇళ్లు కూడా కనిపిస్తున్నాయి. ఎడమపక్క కాలవకట్ట ఎండలో తెల్లగా మెరుస్తున్నది. అయ్యగారు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఎడమకు తిరిగారు.

ఏలియ్య ఆయన ముందుకు వెళ్లి నిలబడ్డాడు. "అయ్యగారూ, ఈ మోకాళ్లతో గంట నడవలేరు. నేను కట్ట మీదగా వస్తాలే. మీరు తోపులోంచి పోండి. మీకేం భయం? ఆ వాసన కూడా ఎరగని మనిషి మీరు."

అయ్యగారు కర్ర మీద రెండు చేతులూ ఆనించి ఊపిరి తీసుకున్నారు. తోపు వైపు అసలు చూడలేదు.

"నిజమే, ఎరగను" అన్నారు. "నా తోపు ఇంకోచోట ఉంది. యాభై ఏళ్లుగా దాని చుట్టూ తిరిగి పోతన్నా. నేనూ ఎవరికీ చెప్పలా. పద, పొద్దుపోద్ది."